కాగితాన్ని కాచే పూత

చెక్క పలక మీద దేవుడి పటమో, తాతయ్య ఫొటోనో అతికించి వార్నిష్ వేసేవారి ఓపిక చూస్తే నాకెంతో గౌరవం. జిగురు పలుచగా రాసి, నడిమి నుంచి అంచులకు వేలితో నిమురుతూ గాలిబుడగలన్నీ వెళ్లగొడతారు. ఆరాక, పటం పైన నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేస్తారు. పనితనమంతా ఇక్కడే ఉంది: ఆ పొర లేకపోతే వార్నిష్ కాగితంలోకి ఇంకి నూనె మరకలు కడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటయితే తడికి రంగు చెదురుతుంది, అందుకే ముందుగా స్ప్రే లక్కరు కొడతారు. ఆపైన వార్నిష్, ఒకటి బాగా ఆరాకే ఇంకొకటి. మధ్యలో 400 నంబరు వాటర్ పేపరుతో చాలా తేలిగ్గా రుద్దడం. చెయ్యి కాస్త బరువైతే బొమ్మే లేచిపోతుంది మరి! పూతలు నిండాక వేలితో తడిమినా కాగితం అంచు దొరకదు. వంటింట్లో తగిలించినా దిగుల్లేదు, జిడ్డు పట్టినప్పుడు తడిగుడ్డతో తుడిచేసుకోవచ్చు.