మొలలో చాకు, రొండిన అడకత్తెర

మన నవలల్లో కత్తి కనిపించిందంటే పాఠకురాలు కుర్చీలో సర్దుకుని కూర్చోవాల్సిందే. ఎవరో ఒకరు చావాలి, లేదా చావబోయి బతకాలి. కథానాయిక చేతికి కత్తి వస్తే శీలరక్షణకు, ప్రతినాయకుడి చేతికి వస్తే ఆ శీలం మీదికి. రచయిత్రి మరీ దయగలదైతే, నాయకుణ్ణి చూస్తూ ఆపిల్ పండు కోస్తున్న అమ్మాయి వేలు కాస్త తెగేట్టు చేసి, అతని జేబురుమాలుతో కట్టు కట్టిస్తుంది. ఇంతకు మించి కత్తికి మన కథల్లో ఉద్యోగం దొరకడం అరుదు. సినిమా సంగతి సరేసరి.

ఈ విషయంలో మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకు మరీ అన్యాయం జరిగిందని నాకనిపిస్తుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. సీమను ఆనుకున్న ఊళ్ళు కదా అని, అక్కడి మనిషి కథలో అడుగు పెట్టగానే మనవాళ్ళు అతని చేతికో వేటకొడవలి ఇచ్చేస్తారు. అర్ధవీడు పక్క, నల్లమల అంచున జీవాలు తోలుకెళ్ళే మనిషి మొలలో వెతికితే దొరికేది జానెడైనా లేని మడత చాకు! పొద్దున వేపపుల్ల కోసుకోవడంతో దాని పని మొదలు. మేకపిల్లకు అందని రెమ్మ కొయ్యాలి, గిట్టలో దిగిన తుమ్మముల్లు తియ్యాలి, సద్దిలోకి ఉల్లిపాయ చీల్చాలి, చిక్కుపడ్డ పలుపు తెంచాలి. అరువడగడానికి అడవిలో పక్కింటివాళ్ళుండరు కదా.

చాకును జనం ఎందుకంత ఇష్టంగా వెంట ఉంచుకుంటారో ఈ చివరి మాటలోనే ఉంది. అది దగ్గరుంటే చిన్న పనికి ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. సానపట్టి సానపట్టి సగమైపోయినా సరే, కొత్తదిస్తామంటే పుచ్చుకోరు. ఆ పిడి ఆ చేతికి అలవాటుపడి ఉంటుంది.

కృష్ణకు అవతల, అదే నల్లమల అడవుల్లోని చెంచుల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. విల్లంబులు, గొడ్డలి, కత్తి, దుంపలు తవ్వే ఇనుపమొన కర్ర, నాలుగు కుండలు, బుట్టలు – చెంచుల ఆస్తి అంటే ఇంతేనని ఆయన ఓపిగ్గా గమనించాడు. పరిశోధకుడికి కనిపించిన కత్తి కథకుడికి కనిపించకపోవడమే విడ్డూరం.

పడమటి కథకులు నయం. 1719లో డేనియల్ డిఫో తన రాబిన్సన్ క్రూసోను ఒడ్డున పడేసినప్పుడు అతనికి మిగిల్చినవి ఒక చాకు, ఒక పొగాకు గొట్టం, కాస్త పొగాకు. మార్క్ ట్వేన్ 1876లో టామ్ సాయర్‌కు బార్లో చాకు ఒకటి ఇప్పించాడు. దానితో ఏదీ తెగదు, అయినా ఆ పిల్లాడి సంతోషం చూడాలి! ప్రపంచమంతా తిరిగిన స్విస్ మడతకత్తి పేరులో ఓ అమ్మ కూడా ఉంది. 1909లో తల్లి చనిపోయాక కార్ల్ ఎల్సెనర్ ఆవిడ పేరు ‘విక్టోరియా’నే తన సరుకుకు పెట్టుకున్నాడు.

అమ్మ పేరు చాకుకెక్కింది, బాగానే ఉంది. మరి అమ్మ దగ్గర చాకు ఉందా?

మగవాడికి జేబుంది, మొలతాడుంది. మనకు కత్తిపీట ఉందంటారేమో. అది మనల్ని కూర్చున్నచోటే కూర్చోబెట్టే కత్తి, చంకన పెట్టుకుని ఊరికి పోలేం. మన రచయితలు చూసీ చూడనట్టు వదిలేసిన వస్తువు మరొకటుంది – అడకత్తెర. ఆ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు రొండిన దోపుకునే వక్కాకుతిత్తిలో ఆకు, వక్క, సున్నపుకాయతో పాటు చిన్న అడకత్తెర కూడా ఉండేది. పుట్టింది వక్క కత్తిరించడానికే అయినా దారం తెంపడానికీ, పిల్లాడి చేతిలో బెల్లంముక్క పెట్టడానికీ కూడా అదే. తిరనాళ్ళకు పోయినా, బిడ్డ పురిటికి పోయినా వెంట ఉండాల్సిందే. చాకుకు తోడబుట్టిన చెల్లెలు కాదూ?

సాహిత్యం దానికిచ్చిన చోటల్లా ఒక్క నానుడి, అడకత్తెరలో పోకచెక్క. మొగుడికీ అత్తకూ మధ్య నలిగే ప్రతి కోడలూ మన సీరియళ్ళలో పోకచెక్కే. ఆ అడకత్తెరను పట్టుకున్నది కూడా ఒక ఆడదాని చెయ్యేనని రాసేవాళ్ళకు ఎందుకు తోచదో! అత్తగారి చెయ్యి అయి ఉంటుందంటారా? అయితే ఆ అత్తగారి కథైనా రాయవచ్చుగా.

ఈనాటి కథానాయిక చేతిసంచిలో ఫోనుంటుంది, అద్దముంటుంది, చదవని ఉత్తరం కూడా ఉంటుంది. చాకు మాత్రం ఉండదు. ఉంటే ఏ రౌడీనో బెదిరించడానికే. విమానంలో పక్కన పెట్టుకోనివ్వరు, నిజమే. మన కథానాయికలందరూ విమానాల్లోనే తిరగరుగా! గిద్దలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ సంచిలోంచి చాకు తీసి, ఎదుటి సీటు పిల్లకు జామకాయ నాలుగు ముక్కలు కోసిచ్చి, కొంగుతో తుడిచి మడిచి మళ్ళీ సంచిలో వేసుకునే దృశ్యం ఏ నవలలోనైనా మీకు తగిలితే నాకో ఉత్తరం ముక్క రాయండి. ఆ నవల నేను చదవాలి.