కాలి కింద పెడల్ లేకుండానే

పలాసలోనో టెక్కలిలోనో చిన్న గదిలో జానపదం రికార్డు చేసే కుర్రాడి చెవికి నమస్కారం పెట్టాలి. గిటారు ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తుంది, మిగతాదంతా కంప్యూటర్‌లోనే. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ గరగర కావాలంటే ముందు 720 హెర్ట్జ్‌కు దిగువ మంద్రాన్ని తగ్గించాలి. ఆ తర్వాతే తరంగపు కొసలను మెత్తగా నలిపే ఓవర్‌డ్రైవ్ పెట్టి, కాస్త అసలు ధ్వనిని మళ్లీ కలపాలి. వరుస మారితే మంద్రమంతా బురదే. మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గరుగ్గా పలికేలా గెయిన్‌ను సరిగ్గా ఆ అంచున నిలపడమే అసలు పనితనం. డిలే అంత కష్టం కాదు: పాట వేగానికి కట్టి, ఒక్కో మారుమోతకూ పై పదును తగ్గిస్తూ పోతే పాత టేపు ఎకో పలుకుతుంది. పెడళ్లు కొనలేని ఇంటి పాటకూ ఆ నాదం దక్కుతోంది. ఆ వైపు ఉద్దానం పాట ఈసారి వినిపిస్తే గొంతు వెనకున్న గిటారునూ వినండి.