కన్ను అతికించే చేతులు

అంటు కట్టిన ఇరవై రోజులకు కన్ను కింది ఆకు కాడను వేలితో తాకి చూడాలి. తాకగానే కాడ రాలిపోతే కన్ను బతికినట్టు. ఎండి అలాగే అతుక్కుని ఉంటే కన్ను పోయినట్టు. రాలిపోవడం బతుకుకు గుర్తు కావడమేమిటని నాకు పదిహేడేళ్ల వయసులో భలే ఆశ్చర్యం కలిగింది. ఆ సంగతి చెప్పింది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక చిన్న నర్సరీలో అంటు కట్టే మనిషి. మా మామ బత్తాయి తోట వేద్దామని మొక్కలు చూడ్డానికి వెళ్తూ నన్నూ తీసుకుపోయాడు. వాళ్లిద్దరూ బేరంలో ఉంటే, నేను ఆ మనిషి చేతులు చూస్తూ కూర్చున్నాను.

వేరు కోసం పెంచిన, పెన్సిలు లావున్న ఏడాది వయసు జంబేరి నిమ్మ మొక్క. నేలకు జానెడు ఎత్తులో బెరడు మీద ఒక అడ్డగాటు, దాని కింద ఒక నిలువుగాటు. కత్తి మొనతో బెరడును రెండు పక్కలా మెల్లగా లేపి, మంచి కాపున్న సాతుగుడి బత్తాయి చెట్టు పుల్ల నుంచి కోసిన కన్నును ఆ సందులోకి జార్చాడు. కన్ను మాత్రం బయటికి కనిపించేలా ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. ఒక్కోదానికి నిమిషం కూడా పట్టలేదు. "అబ్బయ్యా, కోసిన చోట వేలు పెట్టొద్దు. గాలి తగలనీయొద్దు. బెరడు లేవకుంటే ఆ రోజు కత్తే పట్టొద్దు" అన్నాడు నాతో. రోజుకు వందల అంట్లు కట్టేవాడు. అంటుకు ఇంత అని కూలి. ఏం పని చేస్తావని ఎవరన్నా అడిగితే కూలికి పోతానని చెప్పేవాడు. ఆ మాట నా మనసులో అప్పటి నుంచీ ముల్లులా ఉంది.

మామ ఆ ఏడు మొక్కలు కొన్నది అక్కడ కాదు. ఇంకో చోట రెండు రూపాయలు తక్కువకు వచ్చాయి. ఉదయగిరి వైపు చేలల్లో మూడో బోరుకు నీళ్లు పడ్డాక తోట పెట్టాడు. గాలికి పడిపోతాయని గుంటలో లోతుగా నాటించాడు, అంటు కట్టిన చోటు మట్టిలోకి పోయింది. పాదు మొదలు చుట్టూ కట్టి, నీళ్లు మాను తడిసేలా పెట్టారు. ఐదేళ్లు తోట కళకళలాడింది. ఆరో ఏడు మొదళ్ల దగ్గర బెరడు పగిలి బంక కారడం మొదలైంది. ఆకు పసుపు పచ్చబడింది, కొమ్మలు పైనుంచి ఎండుతూ వచ్చాయి, వరసకు వరస పోయింది. మొక్కలమ్మినవాడు నాటే పద్ధతి చెప్పలేదు. నాటిన కూలీలకు తెలియదు. మాకూ తెలియదు.

తెలుసుకునేసరికి ఆలస్యమైంది. బంక తెగులు తెచ్చే శిలీంధ్రం నేలలో, తడిలో ఉంటుంది. జంబేరి వేరు దాన్ని పూర్తిగా ఆపలేదు. రంగ్‌పూర్ నిమ్మ వేరు కాస్త మెరుగు. ఏ వేరైనా అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి. నీళ్లు మానుకు తగలకుండా రెండు చుట్ల పాదు చేసి, బయటి చుట్టులోనే పారించాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు కలిపి బోర్డో పేస్టు చేసి మొదళ్లకు పూయాలి. ఇందులో ఏదీ ఖరీదైన పని కాదు. చెప్పే మనిషి నాటే రోజున గట్టు మీద నిలబడి ఉంటే చాలు. మామ తోటకు కరువైంది ఆ మనిషే.

మన మెట్టలో ఉద్యాన పనిని నేను ఆ తోట పోయినప్పటి నుంచీ ఇలాగే చూస్తున్నాను. మర్రిపాడు, వింజమూరు, దుత్తలూరు, అనంతసాగరం, చేజర్ల ఎటు పోయినా నిమ్మ, బత్తాయి, మామిడి తోటలు కనిపిస్తాయి. ఒకవైపు సోమశిల నీళ్లు, ఇంకోవైపు వెలిగొండల కింద బోర్ల మీద బతికే చేలు. నిమ్మకు ధర వచ్చేది ఎండాకాలంలో. 2022 ఏప్రిల్‌లో కిలో నిమ్మ చిల్లర మార్కెట్లో రెండు వందలు పలికిన రోజులు ఎవరూ మరచిపోలేదు. కాని చెట్టు తనంతట తాను ఎక్కువ కాయను ఇచ్చేది వానాకాలంలో, గూడూరు, పొదలకూరు మార్కెట్లలో బస్తాలు కొనేవాళ్లు మొహం తిప్పుకునే రోజుల్లో. ఎండాకాలంలో కాయ కావాలంటే ముందుగానే నీళ్లు ఆపి తోటను బెట్టకు తేవాలి. ఆకు వాడి, కొంత రాలాక మళ్లీ నీళ్లు, ఎరువు ఇచ్చి పూత తెప్పించాలి. ఇసుక నేలకు కొద్ది రోజుల బెట్ట చాలు, నల్లరేగడికి ఇంకా ఎక్కువ రోజులు కావాలి. నాలుగు రోజులు ఎక్కువైతే కొమ్మ ఎండుతుంది, తక్కువైతే పూత రాదు. ఆ లెక్క ఆకు చూసి చెప్పగల మనుషులు ప్రతి ఊళ్లో ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్లకు ఏ పత్రమూ లేదు, ఏ హోదా లేదు. పిల్లల పెళ్లి సంబంధాల మాటల్లో వాళ్ల పని పేరు చెప్పుకోరు.

చదువు లేక కాదు. రాష్ట్రంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, వెంకటరామన్నగూడెంలో. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది, ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ ఉంది. మన జిల్లా నిమ్మ రైతుకు బాగా తెలిసిన పరిశోధన కేంద్రం వెంకటగిరి దగ్గర పెట్లూరులో ఉంది, ఆ ఊరి పేరుతోనే ఒక నిమ్మ రకం కూడా వచ్చింది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఉద్యాన సహాయకుల ఉద్యోగాలు కూడా వచ్చాయి. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉండగా 2022 ఫిబ్రవరిలో మేకపాటి గౌతమ్ రెడ్డి చనిపోయాక, ఉదయగిరిలోని తమ ఇంజనీరింగ్ కళాశాలను ప్రభుత్వానికి ఇవ్వడానికి ఆ కుటుంబం ముందుకొచ్చింది. దాన్ని వ్యవసాయ, ఉద్యాన చదువుకు కేటాయిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఉదయగిరి దుర్గం నీడలో, ఇంజనీరింగ్ చదివి హైదరాబాదుకో బెంగళూరుకో పోవడమే దారి అనుకున్న ఊళ్లో, మట్టి చదువు చెప్పాలనుకోవడం నాకు నిజంగా సంతోషం కలిగించిన వార్త.

నా బెంగ ఒక్కటే. కత్తి పట్టని డిగ్రీ వల్ల మా మామ తోటలాంటివి బతకవు. రోగం పేరు లాటిన్‌లో రాయగల పిల్లవాడు, బెరడు లేస్తుందో లేదో గోటితో గీరి చూడ్డం కూడా నేర్చుకోవాలి. అది పుస్తకంలో దొరకదు. వెయ్యి మొక్కలు పాడుచేసిన చేతికే వస్తుంది.

లాండ్‌స్కేపింగ్ సంగతీ అంతే. ఊళ్లలో ఇంకా దాన్ని గడ్డి పరిచి పూలకుండీలు పెట్టడం అనుకుంటున్నారు. ఆత్మకూరులో కొత్త ఇళ్లకు, కళాశాలలకు, పెట్రోలు బంకులకు మొక్కలు చాలావరకు కడియం నర్సరీల నుంచి లారీలో వస్తాయి. దించి నాటేసి పోతారు. వాన నీళ్లు ఎటు వాలాలి, గోడకు ఎంత దూరంలో ఏ చెట్టు, కరెంటు తీగ కింద ఏ చెట్టు, వేసవిలో మూడు నెలలు ట్యాంకరు మీద బతికే ఊళ్లో పచ్చిక ఎన్ని చదరపు గజాలు మించకూడదు — ఇవి తెలిసిన మనిషి చేయాల్సిన పని అది. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ చెట్టును ఊరూరా నాటారు. ఆ తర్వాత గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. మన నేలకు వేప, కానుగ, పొగడ, నేరేడు ఉన్నాయి, ఇంటి ముందుకు నందివర్ధనం, గన్నేరు ఉన్నాయి. తక్కువ నీళ్లతో నిలబడతాయి. ఆ మాట ధైర్యంగా చెప్పి, ఇంటి యజమానిని ఒప్పించగలిగినవాడే ఈ వృత్తిలో నిలుస్తాడు.

బెంగళూరులో ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూలతో నిండి ఉంటుందంటే, ఒక చెట్టు తర్వాత ఒక చెట్టు పూసేలా ఎంచి నాటించిన ఘనత అక్కడి లాల్‌బాగ్ తోట బాధ్యత చూసిన క్రుంబీగల్‌కు ఇస్తారు. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ తోటల్లో పనిచేసి, బరోడా మీదుగా మైసూరు సంస్థానానికి వచ్చిన తోటపనివాడు ఆయన. లాల్‌బాగ్ పక్కన ఆయన పేరుతో రోడ్డు ఉంది. మన పిల్లలు కొలువులకు పోయే ఆ నగరమే ఒక తోటమాలికి అంత గౌరవం ఇచ్చింది.

అందుకే ఉదయగిరిలో ఉద్యాన పాఠాలు చెప్పే పెద్దలకు ఒక మనవి. తరగతులు మొదలైన నెలలోనే పిల్లల చేతికి అంటు కత్తి ఇవ్వండి. చుట్టుపక్కల నర్సరీల్లో, తోటల్లో పాతికేళ్లుగా అంటు కడుతున్నవాళ్లను, కొమ్మ కత్తిరించేవాళ్లను, బెట్ట లెక్క తెలిసినవాళ్లను గురువులుగా పిలవండి. గౌరవ వేతనం ఇచ్చి పిలవండి. వాళ్ల పేర్లు బోర్డు మీద రాయండి.

ఆ నర్సరీ మనిషిని నిరుడు మళ్లీ కలిశాను. అరవై దాటాయి. చూపు కొంచెం తగ్గింది, చెయ్యి వణకడం లేదు. ఈ ఏడూ జంబేరి నారు పోశాడు. నేర్చుకునే పిల్లలు వస్తే నేర్పుతావా అన్నా అని అడిగాను. "రమ్మను" అన్నాడు.