తెరకు ఇరువైపులా: పీల్ కుటుంబంలో వృత్తి, చిత్రకళ

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా లలితకళల అకాడమీలో మనిషి ఎత్తును మించిన తైలవర్ణ చిత్రమొకటి ఉంది. 1822లో, తన 81 ఏళ్ల వయసులో, చార్ల్స్ విల్సన్ పీల్ చిత్రించుకొన్న స్వీయ ప్రతికృతి అది. ‘తన మ్యూజియంలో కళాకారుడు’ అన్నది దాని పేరు. నల్లని దుస్తులు ధరించిన ఆ వృద్ధుడు ఒక చేత్తో బరువైన ఎర్రని తెరను పైకెత్తి, మరొక చేత్తో చూపరిని లోనికి ఆహ్వానిస్తున్నాడు. వెనుక పొడవాటి గది. గోడ పొడవునా అద్దాల అరలలో పక్షులు, వాటిపైన దేశనాయకుల ముఖచిత్రాలు. ఒక తండ్రి తన కుమారునికి వాటిని చూపుతున్నాడు; ఒక స్త్రీ విస్మయంతో చేతులెత్తి నిలిచింది.

ఈ చిత్రాన్ని విజ్ఞాన ప్రచారానికి ప్రతీకగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే దాని అర్థం వెనుకనున్న గదిలో కంటె ముందున్న నేలమీదనే ఎక్కువగా ఉంది. ఒక పక్క పనిముట్ల పెట్టెపై మెడ వేలాడవేసిన మృత టర్కీ కోడి. మరొక పక్క బల్లపై రంగుల పలక, కుంచెలు. మొదటిది టాక్సిడెర్మీకి, అనగా చనిపోయిన జంతువు చర్మాన్ని శుద్ధిచేసి దానికి సజీవాకృతిని కల్పించే విద్యకు సంబంధించినది. రెండవది చిత్రకళకు సంబంధించినది. చిత్రకారుడు ఈ రెండింటి నడుమ నిలిచాడు. ఏది ముఖ్యమో అతడు చెప్పలేదు. ఆ కోడి ఇంకా ప్రాణమున్నట్లు భ్రమింపజేసే స్థితికి రాలేదు. అది చేయవలసిన పనిగా మాత్రమే అక్కడ ఉంది.

పీల్ జీవితం ఈ సమతౌల్యానికి భాష్యం వంటిది. 1741లో మేరీలాండ్‌లో జన్మించి, బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, 13వ ఏట జీనులు కుట్టే వాని వద్ద పనికి కుదిరాడు. గడియారాలు బాగుచేశాడు, వెండిపని చేశాడు, దుకాణాలకు పేరుపలకలు రాశాడు. ఒక జీను ఇచ్చి, బదులుగా జాన్ హెసీలియస్ వద్ద చిత్రలేఖన పాఠాలు నేర్చుకొన్నాడు. తరువాత 1767 నుండి 1769 వరకు లండన్‌లో బెంజమిన్ వెస్ట్ వద్ద అభ్యసించాడు. తోలుతో ఆయనకు గల పరిచయం కుంచెతో గల పరిచయం కంటె పాతదన్న సంగతి విమర్శకులు మరువరానిది.

1786లో ఆయన తన మ్యూజియాన్ని ప్రారంభించాడు. చర్మంలో గడ్డి కూరి కుట్టివేసే నాటి పద్ధతి ఆయనకు తృప్తినీయలేదు. పెద్ద జంతువులకు కొయ్యతో అవయవాలు చెక్కి, కండరాల ఎత్తుపల్లాలు తెలిసేలా వాటిపై చర్మాన్ని తొడిగాడు. పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పాషాణాన్ని వాడాడు. పక్షులుండే అరల వెనుక గోడలపై ఆకాశాన్నీ, నీటినీ, చెట్లనూ చిత్రించాడు. అక్కడ కొయ్యపని, కుట్టుపని, చిత్రలేఖనం ఒకే వస్తువులో కలిసిపోయాయి. 1787లో జార్జ్ వాషింగ్టన్ పంపిన బంగారు ఫెజెంట్ పక్షుల జంట నేటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉండడం ఆ పనితనానికి తిరుగులేని సాక్ష్యం.

టర్కీ కోడిని చూచిన భారతీయ పాఠకునికి మరొక టర్కీ కోడి గుర్తుకు రాక మానదు. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన వింత జీవులలో అదొకటి. బాబరు జంతువులను వర్ణించాడే కాని చిత్రకారులచేత గీయించలేదనీ, తాను ఆ లోటు తీర్చదలచాననీ జహంగీరు తన స్వీయచరిత్రలో పేర్కొన్నాడు. మన్సూర్ కుంచెకు ఆపాదించబడిన ఆ పక్షి లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మెడపైని ఎర్రని ముడుతలు, ఈకల అంచులపై సన్నని గీతలు, వెనుక దాదాపు శూన్యమైన నేపథ్యం. మన్సూర్‌కు గీత ఒక్కటే చాలింది. పీల్‌కు చాలలేదు. చూపరికి పక్షి రూపమే కాక పక్షి ఈకే కావాలని ఆయన భావించాడు. పక్షిని ఉన్నదున్నట్లు చూపాలన్న తపన ఇద్దరిదీ ఒకటే. అయితే ఒకరు చూపును భద్రపరచగా, మరొకరు చర్మాన్ని భద్రపరచారు.

వృత్తి వారసత్వం మన దేశానికి కొత్త కాదు. చేర్యాల నకాశీ కుటుంబాలలో పటం గీసిన చేయే రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో బొమ్మలనూ ముఖాలనూ మలుస్తుంది. అక్కడ చిత్రానికీ బొమ్మకూ తగవు లేదు. పీల్ కూడా అటువంటి కులవిద్యనే నెలకొల్పదలచినట్లు కనిపిస్తుంది. కుమారులకు రాఫెల్, రెంబ్రాంట్, రూబెన్స్, టీషన్ అని మహాచిత్రకారుల పేర్లు పెట్టాడు. అందరికీ కుంచె పట్టడం నేర్పాడు. మ్యూజియం పనిలోనూ దించాడు. తరతరాలుగా కుదురుకొన్న విద్యకు, ఒక్క తరంలో తండ్రి సంకల్పించిన విద్యకు గల భేదం ఇక్కడే బయటపడుతుంది.

పెద్ద కుమారుడు రాఫెల్ 1790ల నుండి జంతు చర్మాల పనిలో తండ్రికి తోడ్పడ్డాడు. ఆ పనిలో వాడిన ఆర్సెనిక్, పాదరసమే ఆయన దీర్ఘవ్యాధికి మూలమని కొందరు పరిశోధకులు, మద్యపానం, కీళ్లవాతం కారణమని మరికొందరు అభిప్రాయపడ్డారు. ముఖచిత్రాలు గీసి గౌరవంగా బ్రతకమని తండ్రి హితవు పలుకగా, ఆయన పళ్లనూ, కూరలనూ, పచ్చి మాంసపు ముక్కలనూ చిన్న చిన్న ఫలకాలపై చిత్రించాడు. జంతువు మాంసాన్ని తీసివేసి చర్మాన్ని నిలపడం తండ్రి విద్య. పండు తోలుపైని నూగునూ, దాని క్రింద త్వరలో కుళ్లిపోనున్న కండనూ ఒకేసారి చూపడం కొడుకు విద్య. తండ్రి పక్షులు కాలాన్ని ఆపజూస్తాయి. కొడుకు పళ్లు కాలాన్ని అంగీకరిస్తాయి.

1822 ప్రాంతంలోనే రాఫెల్ గీసిన మరొక చిత్రం ‘సముద్రం నుండి ఉదయిస్తున్న వీనస్’. అందులో కనిపించేది వీనస్ కాదు. నాడాకు వేలాడుతున్న తెల్లని బట్ట ఆమెను కప్పివేసింది. పైన కొంత కురులూ చేయీ, క్రింద పాదం మాత్రమే వెలుపల ఉన్నాయి. తండ్రి తెర ఎత్తిన కాలంలో కొడుకు తెర దించాడు. అన్నీ చూపగలనన్న విశ్వాసం ఒకరిది, చూపవలసినదంతా చూపనక్కరలేదన్న నేర్పు మరొకరిది. 1825లో, తండ్రి కంటె రెండేళ్లు ముందుగా, రాఫెల్ మరణించాడు.

ఎర్రని తెర ఎత్తినా కనిపించని మరొక వ్యక్తి ఉన్నాడు. పీల్ ఇంట బానిసగా పెరిగి, 1802లో విముక్తి పొందిన మోజెస్ విలియమ్స్ ఆ మ్యూజియంలో ముఖరేఖలు గీసే యంత్రం సాయంతో కాగితంపై నీడబొమ్మలు కత్తిరించేవాడు. తొలి ఏడాదిలోనే వాటి సంఖ్య 8,000 దాటింది. ఆ కాగితాలపై మ్యూజియం ముద్ర ఉంది, ఆయన పేరు లేదు. పీల్ తన సంతానానికి నేర్పిన రంగుల విద్య ఆయనకు అందలేదు. హస్తకళకూ లలితకళకూ నడుమ గీసిన గీత ప్రతిభను బట్టి కాక, పుట్టుకను బట్టి గీయబడిందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

చిన్న కుమారుడు టీషన్ రాంజే పీల్‌లో మాత్రం రెండు విద్యలూ కొంతవరకు పొసగాయి. 1819–20లో లాంగ్ అన్వేషక బృందంతో రాకీ పర్వతాల వరకు, 1838–42లో నౌకా పరిశోధక బృందంతో పసిఫిక్ సాగరానికి వెళ్లి, జంతువులను వేటాడి, చర్మాలను శుద్ధిచేసి, వాటిని చిత్రించాడు. తండ్రి చిత్రంలోని టర్కీ కోడి ఆ తొలి ప్రయాణంలో టీషన్ తెచ్చినదే. సీతాకోక చిలుకలను రెండు వైపుల నుండీ చూడదగిన అద్దాల పెట్టెలను, పుస్తకాల ఆకారంలో, స్వయంగా రూపొందించాడు. కాని ఆ విద్య పొట్ట నింపలేదు. 1849 నుండి పేటెంట్ కార్యాలయంలో పరీక్షకునిగా ఉద్యోగం చేయవలసి వచ్చింది. సీతాకోక చిలుకలపై ఆయన సచిత్ర గ్రంథం ఆయన జీవితకాలంలో వెలుగు చూడలేదు. 2015లో గాని అచ్చు కాలేదు.

మ్యూజియం 1849–50లో వేలంలో చెదిరిపోయింది. తండ్రి ఎత్తిన తెర వెనుక ఇప్పుడు ఆ గది లేదు. మిగిలినవి కొన్ని పక్షులు, కొన్ని పెట్టెలు, నల్లని కాగితపు ముఖాలు, గిన్నెలో నల్లరేగు పండ్లు. ‘తన మ్యూజియంలో కళాకారుడు’ గొప్ప చిత్రమే. అయితే దాని గొప్పతనం సాధించిన వైభవాన్ని ప్రకటించడంలో లేదు. పనిముట్ల పెట్టెపై వాలిన ఆ టర్కీ కోడిని దాచకుండా చూపడంలో ఉంది. ప్రతి సజీవాకృతి వెనుకా ఒక మృతదేహం, ఒక పదునైన కత్తి, ఆ కత్తిని పట్టిన వాని ఆరోగ్యం ఉన్నాయని ఆ మూల ఒప్పుకొంటున్నది. ఒక కుటుంబం తన వృత్తికి చెల్లించిన మూల్యాన్ని తెలిసిన వానికే ఆ చిత్రం సంపూర్ణంగా కనిపిస్తుంది.