తగలబెట్టే గడ్డితో పెరటి మడి

వరంగల్ చుట్టుపక్కల యాసంగి వరి కోతలు ముగిశాయంటే సాయంత్రాలు పొలాల మీద పొగ లేస్తుంది. హార్వెస్టర్ చిందరవందరగా వదిలిన గడ్డిని ఏరించాలంటే కూలి ఖర్చు, పైగా వానాకాలం నాట్ల తొందర. అగ్గిపుల్లకైతే ఖర్చే లేదు. కానీ టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. మంట పెడితే ఆ నత్రజని దాదాపు అంతా గాలిపాలే. నాలుగు మోపులు పక్కకు తీసి పెరట్లో వేసుకుంటే కూరగాయల మడికి అంతకు మించిన కప్పు దొరకదు.

నేలను తవ్వకుండా పైనే ఎరువు పరిచి, మందంగా గడ్డో ఆకులో కప్పి కూరగాయలు పెంచే పద్ధతి ఇది. అమెరికాలో రూత్ స్టౌట్ అనే ఆవిడ, నడుం నొప్పి లేకుండా తోట పెంచడం ఎలాగో చెబుతూ 1955లోనే పుస్తకం రాసింది. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా 1975 నాటి పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’గా తెలుగు రైతుల చేతికి కూడా వచ్చింది. సుభాష్ పాలేకర్ పద్ధతిలో సేద్యం చేసేవాళ్లు ఈ కప్పునే ఆచ్ఛాదన అంటారు. అసలు వరి కోసిన మడిలో దున్నకుండా మక్క గింజ పెట్టడం తెలుగు రైతులకు కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ కలుపుకు మందు కొడతారు, ఇక్కడ ఆ పని గడ్డి చేస్తుంది.

మడి వెడల్పు నాలుగడుగులు దాటకూడదు. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి, కాలు మాత్రం లోపల పెట్టకూడదు. ఉన్న కలుపును మొదలంటా కోసి అక్కడే పడేయాలి. టేపులు పీకేసిన అట్టపెట్టెలను ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేలా పరిచి బాగా తడపాలి. ఆపైన బాగా మాగిన పశువుల పెంట నాలుగు వేళ్ల మందం, దాని మీద జానెడు వరిగడ్డి. వంగ, టమాట, మిరప నారు పెట్టేటప్పుడు గడ్డిని పాయ తీసి, పెంటలో పిడికెడంత గుంట చేసి నాటితే చాలు. పాలకూర, మెంతి లాంటి చిన్న గింజలకు మాత్రం బెత్తెడు వెడల్పున సాలును ఖాళీగా వదిలి, మొక్కలు నాలుగాకులు వేశాకే గడ్డి దగ్గరికి జరపాలి.

నడి ఎండాకాలంలో కూడా ఆ గడ్డిని లేపి చూస్తే కింద చెమ్మ తగులుతుంది. అడుగు గడ్డి నల్లబడి, సన్నటి తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉంటాయి. ఎర్రలు ఎరువును కిందికి లాక్కుపోతూ నేలను గుల్ల చేస్తాయి. ఇక్కడి ఎర్ర చల్క నేలకు ఇది మరీ అవసరం. అందులో సేంద్రియ పదార్థం తక్కువ. వాన చినుకు నేరుగా తగిలి ఎండితే పైన పెచ్చు కట్టి, మొలకను పైకి రానివ్వదు. గడ్డి కప్పితే చినుకు దెబ్బ నేలకు తగలదు. ఇంకో సంగతి: ఎండుగడ్డిని మట్టిలో కలిపేస్తే అది కుళ్లేటప్పుడు పైరుకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది. పైన పరిస్తే ఆ బెడద దాదాపు ఉండదు.

ఇబ్బందులు లేవని కాదు. పొడిగా వదిలేసిన గడ్డికి చెదలు పడతాయి. ముసురు పడితే నత్తలు దాని కింద చేరతాయి. అందుకే గడ్డి మొక్క మొదలుకు ఆనకుండా రెండు వేళ్ల దూరం ఉండాలి, వానల్లో దాన్ని పలచన చేయాలి. రాలిన వడ్లు మొలుస్తాయి, పీకి అక్కడే వేయడమే. తుంగ మాత్రం అట్టను కూడా పొడుచుకుని వస్తుంది. దానికి ఓపికే మందు!

తవ్వకూడదన్న మాటను మంత్రంలా పట్టుకోనక్కర్లేదు. గడ్డపార దిగనంత గట్టి చల్కను మొదటి ఏడాది ఒకసారి తవ్వి, చెరువు మట్టి కలపడమే మంచిది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టి తోలుకున్న రైతులకు దాని సత్తా తెలుసు. అప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి 2006లో రసాయనాలు వాడని ఊరిగా ప్రకటించుకుంది. క్రాప్స్ సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం ఆ ఊరికి తోడు నిలిచాయి. ఆ ఊరి రైతులు నాగలిని వదలలేదు, రసాయనాలను వదిలారు. మన పెరట్లోనూ అంతే, పార ముట్టామా లేదా అన్నదానికంటే నేలను ఏడాది పొడుగునా కప్పి ఉంచామా లేదా అన్నదే ముఖ్యం.

యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. తెలిసిన రైతు ఉంటే మంట పెట్టకముందే అడిగి నాలుగు మోపులు తెచ్చి దాచుకోండి. తొలకరికి మడి సిద్ధం చేయడానికి అవి సరిపోతాయి.