తరిగే బొగ్గు, తరగని కర్ర?

జె.సి. కుమారప్ప ‘ఎకానమీ ఆఫ్ పెర్మనెన్స్’ 1945 నాటి పుస్తకం. క్విట్ ఇండియా రోజుల్లో జైల్లో ఉండగా రాశారు. గాంధీ ముందుమాట ఉంది. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ దీన్ని తలుచుకుంటారు, ఎక్కువగా మెచ్చుకోవడానికే. మా జి.కొండూరు వైపు నుంచి చదివితే మెప్పుతో పాటు ఒక పేచీ కూడా మిగులుతుంది.

కుమారప్ప లండన్‌లో అకౌంటెన్సీ నేర్చుకున్న మనిషి. పుస్తకం మొదట్లోనే ప్రకృతిని రెండు పద్దుల కింద రాస్తారు. బొగ్గు, పెట్రోలు, ఇనుము నిల్వలు. వాడేకొద్దీ తరిగిపోతాయి. పారే ఏరు, పెరిగే అడవి అలా కాదు. పెరిగినంత మేరకే తీసుకుంటే ఎప్పటికీ ఉంటాయి. నిల్వల మీద బతికే ఆర్థికవ్యవస్థ కొట్లాటలకి దారితీస్తుందని ఆయన వాదన.

ఈ రెండు పద్దులూ మా పక్కనే, ఇబ్రహీంపట్నం మండలంలోనే ఉన్నాయి. ఒకటి 1979 నుంచి బొగ్గు కాలుస్తున్న థర్మల్ కేంద్రం, దాని బూడిద లారీలు. రెండోది కొండపల్లి. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులేసే ఇళ్ళు. కుమారప్ప లెక్కన ఇదే నిలిచే పని.

కానీ పొణికి దొరకడం కష్టమైపోతోందని బొమ్మల వాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. తరగని పద్దులో రాసుకున్నదే తరిగిపోతోందన్నమాట. ‘పెరిగినంత మేరకే’ అన్న షరతు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన మాట. దాన్ని అమలు చేసేదెవరు? సహకార సంఘాల గురించీ, ప్రభుత్వం చేయాల్సిన పనుల గురించీ ఆయన రాయకపోలేదు. అయినా చివరికి బరువంతా కొనేవాడి మనస్సాక్షి మీదే పెడతారు. సర్వర్ మోయగలిగినన్ని రిక్వెస్టులే రానివ్వడానికి మేం కోడ్‌లో ఒక హద్దు రాసిపెడతాం. వాడేవాళ్ళ మంచితనానికి వదిలేస్తే సాయంత్రానికి సర్వర్ పడిపోతుంది. కొండకీ అలాంటి హద్దు కావాలి. ఈ ఏడు ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని చెట్లు కొట్టారు అన్న లెక్క అటవీశాఖ, బొమ్మల వాళ్ళు కలిసి ఊరందరి ముందూ పెట్టాలి.

ఇంకో పేచీ. పరాన్నజీవనం దగ్గర మొదలయ్యే కుమారప్ప మెట్లు సేవ దగ్గర ఆగుతాయి. అక్కడ ఆయనకి ఆదర్శం తల్లి. కొండపల్లిలో రంగులు వేసేవాళ్ళలో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ పనిని సేవ అనేశాక ఇక కూలి అడగడానికి నోరెలా వస్తుంది? ఉన్నంతలో బతకాల్సిన సమాజం ఎవరి ఓర్పునీ ఉచితంగా వాడుకోకూడదు. అదీ తరిగేదే.

అందుకే ఈ పుస్తకంలో నీతులు చెప్పే కుమారప్ప కన్నా పద్దులు రాసే కుమారప్పే నాకు ఎక్కువ పనికొచ్చారు. ఆ ఆడిటర్ మాట వింటే కరెంటు బిల్లులో బూడిద ఖర్చు కనబడాలి, బొమ్మ ధరలో రంగు వేసినామె కూలీ, ఇంకో పొణికి ఎదిగేదాకా ఆగే కాలమూ కనబడాలి. అవి లేనంతకాలం ఏనుగు అంబారీ బొమ్మ కూడా బొగ్గు పద్దులోకే వస్తుంది.