మన వీధిని లెక్కలోకి తెచ్చిన పుస్తకం

మొబైల్ ఫోన్ల గురించి తెలుగులో రాతలకు కొదవ లేదు. కానీ టవరుకూ ఫోనుకూ మధ్య గాలిలో ఏం జరుగుతుందో, ఆ లింకు ఎంత వేగం ఇవ్వగలదో ముందే ఎలా లెక్కగట్టవచ్చో చెప్పే పుస్తకం అరుదు. ఉద్యోగజీవితమంతా టెలికాం శాఖలో గడిపినవాణ్ణి, దిల్‌సుఖ్‌నగర్ పీ అండ్ టీ కాలనీలో ఉంటున్నవాణ్ణి. అలాంటి పుస్తకం రాసిన ఈ అమ్మాయి మా కాలనీ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఉన్న దారినే ప్రయోగశాలగా చేసుకుందని తెలిసి, రాతప్రతిని వదలకుండా చదివాను.

ఇలా ముందే లెక్కగట్టే పద్ధతి సిమ్యులేషన్. అదేమిటో మొదటి అధ్యాయమే తేటగా చెబుతుంది. కంప్యూటరులో ఒక టవరును, ఒక ఫోనును పెట్టుకుంటాం. డేటాను బ్లాకులుగా విడగొట్టి, కోడింగు చేసి పంపుతాం. గోడలకు తగిలి వచ్చే తరంగాలను, రిసీవరులోని నాయిస్‌ను దానికి కలుపుతాం. అవతలికి చేరేసరికి ఎన్ని బ్లాకులు చెడ్డాయో లెక్కపెడతాం. సిగ్నలు బలాన్ని మెట్టుమెట్టుగా మారుస్తూ ఇదే పని వేలసార్లు చేస్తే ఒక గ్రాఫు వస్తుంది. లింకు సత్తా అందులో కనిపిస్తుంది. ఫోను సిగ్నలు నాణ్యతను 15 మెట్లలో టవరుకు చెబుతుంది. మామూలుగా నూటికి పది బ్లాకులకు మించి చెడని మెట్లలో అన్నిటికన్నా పైదాన్ని ఎంచుకుంటుంది. చెడిన బ్లాకులు మళ్లీ వస్తాయి. మనం చూసే వేగమంతా ఈ సర్దుబాటు ఫలితమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చైతన్యపురి అధ్యాయం. నడిరోడ్డు మీద మెట్రో వంతెన, రెండు పక్కలా ఒకదానికొకటి ఆనుకున్న భవనాలు. 5జీ వాడే 3,500 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు. అంటే వంతెన కింద నిలబడి ఫోనును రెండు వేళ్ల వెడల్పు జరిపితే చాలు, బలంగా ఉన్న సిగ్నలు పడిపోవచ్చు. అదే ఫోను గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే మెట్రోలో ఉంటే డాప్లర్ మార్పు, అంటే కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడా, సుమారు 260 హెర్ట్జ్. నెమ్మదిగా నడిచే మనిషి చేతిలో అది సుమారు 10 హెర్ట్జ్ మాత్రమే. ఇక ఆ భవనాల్లోని హాస్టళ్ల లోపలి గదుల సంగతి. గోడల మాట అలా ఉంచినా, ఒకే దూరానికి 700 మెగాహెర్ట్జ్ కన్నా 3,500 దగ్గర నష్టం 14 డెసిబెల్స్, అంటే 25 రెట్లు ఎక్కువ. గోడలు దాని మీద అదనం. ఈ అంకెలన్నీ పాఠకుడు తానే వేసి చూసుకునేలా రాయడం మెచ్చుకోదగ్గది.

అంచనా విలువ దాని వెనకున్న ఊహల్లో ఉంటుందన్నది ఈ పుస్తకం ప్రాణం. జపాన్ ఇంజనీరు ఒకుమురా టోక్యో ప్రాంతంలో తీసిన సిగ్నలు బలం కొలతలు 1968లో వెలువడ్డాయి. వాటినే హటా 1980లో సూత్రాలుగా మలిచాడు. అవి 1,500 మెగాహెర్ట్జ్ వరకే పనికొస్తాయి. వాటిని కళ్లు మూసుకుని మన 5జీకి తగిలిస్తే వచ్చేది అంకే తప్ప అంచనా కాదు. ఈ అమ్మాయి ప్రతి అధ్యాయం మొదట్లో తాను ఏం అనుకుందో రాసింది. ఆఖర్లో ఫోను పట్టుకుని అదే దారిన నడిచి, లెక్క ఎక్కడ తప్పిందో కూడా దాచకుండా చూపింది.

లెక్కలో ఎవరి ఊరు ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు. 5జీ పరీక్షల షరతులను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2017లో ఖరారు చేసినప్పుడు, టవర్ల మధ్య ఆరు కిలోమీటర్ల దూరం ఉండే గ్రామీణ సన్నివేశం కూడా వాటిలో చేరింది. భారత్ పట్టుబట్టి సాధించిన విషయమది. ఆ కృషిలో మన ఐఐటీ హైదరాబాద్ పరిశోధకుల పాత్ర ఉంది. పల్లెలో కాలినడకన పోయే మనిషికి ప్రపంచ ప్రమాణంలో చోటు దొరికింది సిమ్యులేషన్ షరతు ద్వారానే. ఈ పుస్తకం అదే పనిని ఒక రోడ్డు మేర చేసింది.

ఒక కోరిక చెబుతాను. ఈ దారిలోని కోచింగు సెంటర్లు వదిలే వేళ ఒకే టవరు మీద పడే భారాన్ని ఒక్క లింకు లెక్క చెప్పలేదు; చుట్టుపక్కల టవర్లన్నిటినీ కలిపి చూడాలి. దీని గురించిన అధ్యాయం ఇంకా పెరగాలి. 2022 వేలంలో అమ్ముడైన 26 గిగాహెర్ట్జ్ బ్యాండుకు వాన, చెట్ల ఆకులు కూడా అడ్డే. వచ్చే ముద్రణలో వాటికీ చోటివ్వాలి.

ఇంజనీరింగు విద్యార్థులు దీన్ని పరీక్ష కోసం కాక, తమ ఊరి దారి మీద లెక్క వేయడం కోసం చదవాలని నా ఆకాంక్ష. వరంగల్ నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు ఇలాంటి అధ్యాయమే రాసి పంపితే రచయిత్రి శ్రమ ఫలించినట్టే.